బూర్గులవారి గవర్నరు పదవి

పాలమూరు సీమలో పుట్టి రెండు రాష్ట్రములకు గవర్నరుగా పనిచేసిన శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారి పేరు ఎరుగనివారు మన పట్టణములలో అరుదు. హైదరాబాదు రాజ్యమునకు ఎన్నికలద్వారా వచ్చిన మొదటి ముఖ్యమంత్రి యని పిల్లలు పరీక్షలకై వల్లించుచున్నారు. బహుభాషాపండితుడని పెద్దలు చెప్పుకొనుచున్నారు. రెండును సత్యమే. కాని వారి జీవితమున మిక్కిలి బరువైన దినములు ఈ రెండు మాటలలోనికిని రావు. అవి 1959వ సంవత్సరము జూన్, జూలై మాసములు; స్థలము తిరువనంతపురము. ఆ దినములను గూర్చి మన సభలలో ఎవ్వరును పలుకరు. పలుకకుండుటయే మర్యాద యని తలచుచున్నారు కాబోలు. మా అభిప్రాయము వేరు. మనవారు గనుకనే వారి కార్యమును మనము ముందుగా తూచి చూడవలెను.

వారు 1899 మార్చి 13వ తేదీన కల్వకుర్తి తాలూకా పడకల్లు గ్రామమున జన్మించిరి. ఇంటిపేరు బూర్గుల యనునది షాదునగరు చేరువనున్న స్వగ్రామమునుబట్టి వచ్చినది. పూనాలో ఫెర్గూసన్ కళాశాలయందు చదివి, పారసీకమున పాండిత్యము సంపాదించి, బొంబాయి విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పట్టముతో హైదరాబాదు చేరి వకాలతు ప్రారంభించిరి. ఆనాటి హైదరాబాదు ఎట్టిదో నేటి యువకులకు చెప్పిన నమ్మరు. 1921 నవంబరులో జరిగిన సంఘసంస్కారసభలో ఒక వక్త తెలుగున మాటాడబోగా సభవారు కేకలు వేసి ఆయనను కూర్చుండబెట్టిరి. రాజ్యమున సగమునకు దగ్గరగా నున్న ప్రజల భాష రాజధానిలో నవ్వులపాలైనది. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. అది పెరిగి ఆంధ్రమహాసభ యైనది. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమసభకు శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారు, 1931లో దేవరకొండలో జరిగిన ద్వితీయసభకు శ్రీ బూర్గులవారు అధ్యక్షులైరి. ఇరువురును మన సీమవారే. ఒకరు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి కలముతో పోరాడిరి. మరియొకరు న్యాయస్థానమునందును సభావేదికమీదను మాటతో పోరాడిరి. 1952 ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తినుండియు, రామకృష్ణారావుగారు షాదునగరునుండియు గెలిచి ఒకే శాసనసభలో కూర్చుండిరి. ప్రతాపరెడ్డిగారు మరుసటి యేడే పరమపదించిరి.

ఆ శాసనసభ మన ఊళ్లకు ఎంత క్రొత్త వస్తువో తలచుకొందము. అంతకు మూడేండ్ల ముందువరకు గద్వాల సంస్థానము, వనపర్తి సంస్థానము, కొల్లాపురము సంస్థానము. న్యాయము కావలసినవాడు కోటగుమ్మము కడకు పోయి అర్జీ పట్టుకొని నిలుచుండవలెను. ప్రభువు మంచివాడైన ఫలము దొరకును, కానిచో లేదు. గద్వాలలో కవులకు ఆదరము జరిగినమాట నిజము. విద్వద్గద్వాల యను ప్రఖ్యాతి ఊరక రాలేదు. అయినను కవికి శాలువ కప్పిన చేయియే రైతు శిస్తును నిర్ణయించెడిది. అడుగుటకు రైతునకు అధికారము లేదు. 1949లో జాగీరుల రద్దుతో ఆ కాలము ముగిసినది. 1950లో వెల్లోడిగారి మంత్రివర్గమున చేరి రెవిన్యూశాఖ వహించినవారు బూర్గులవారే. ఆ యేటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారుడను పేరును గ్రామగ్రామమునకు తెచ్చినది. వారి ముఖ్యమంత్రిత్వమున 1954లో దానికి సవరణయు జరిగినది. అది అమలులో ఎంతమాత్రము నిలిచినదో వేరే కథ. భూస్వాములు తమ కౌలుదారులచే వదులుకొంటినని వ్రాయించుకొన్న కాగితములు ఎన్నియో మన తాలూకా కచేరీలకు తెలియును. కాని దున్నువానికి భూమిమీద హక్కు గలదను మాట ప్రభుత్వపు ముద్రతో వెలువడుట అదియే మొదలు.

1952 మార్చి 6వ తేదీన వారు ముఖ్యమంత్రి యైరి. 175 స్థానముల సభలో కాంగ్రెసునకు 93 వచ్చినవి. ఎదుట ప్రబలమైన ప్రతిపక్షము, పి.డి.ఎఫ్. పేరున నిలిచి జైళ్లనుండియు అజ్ఞాతవాసమునుండియు వచ్చిన కమ్యూనిస్టులు. సాయుధపోరాటము 1951లోనే ఆగినది. నిన్నటివరకు తుపాకి పట్టినవారు నేడు ప్రశ్నలు వేయుచున్నారు; మంత్రులు లేచి జవాబు చెప్పుచున్నారు. పైన రాజప్రముఖుడుగా ఎవరున్నారనుకొన్నారు? నిజాము ప్రభువే! ఏడవ నిజాము 1956 అక్టోబరు 31 వరకు ఆ పదవిలో నుండెను. అనగా బూర్గులవారు దాదాపు అయిదేండ్లు, తామెదిరించిన ప్రభువునే రాజ్యాంగాధిపతిగా పైన నుంచుకొని మంత్రివర్గమును నడపిరి. ఆ ప్రభువు ఆ మంత్రివర్గమును త్రోసివేయలేదు. పైయాసనమున కూర్చున్నవాడు మౌనముగా నుండుట ఎన్నికైన మంత్రివర్గమునకు ఎంత అవసరమో అనుభవముచేత తెలిసికొన్నవారు మన దేశమున బూర్గులవారివలె మరి కొందరే యుందురు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

1955 సెప్టెంబరులో రాష్ట్రపునర్వ్యవస్థీకరణ సంఘము తన నివేదిక నిచ్చినది. తెలంగాణమును ప్రస్తుతమునకు వేరుగా నుంచవలెననియు, 1961లో జరుగవలసిన ఎన్నికల పిమ్మట హైదరాబాదు శాసనసభ మూడింట రెండువంతుల సమ్మతి తెలిపినచో ఆంధ్రతో కలుపవచ్చుననియు ఆ సంఘము చెప్పినది. తెలంగాణమున అధికసంఖ్యాకుల మనస్సు విలీనమునకు సిద్ధముగా లేదని ముఖ్యమంత్రి కాంగ్రెసు అధిష్ఠానమునకు తెలియజేసిరి. అధిష్ఠానము వేరుగా నిర్ణయించినది. వారు శిరసు వంచిరి. 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందముమీద తెలంగాణము పక్షమున సంతకము చేసిన నలువురిలో వారొకరు. నవంబరు 1న ముఖ్యమంత్రి పదవి శ్రీ నీలం సంజీవరెడ్డిగారికి పోయినది. ముఖ్యమంత్రి ఆంధ్రప్రాంతపువాడైనచో ఉపముఖ్యమంత్రి తెలంగాణమువాడు కావలెనను షరతు మొదటి మంత్రివర్గముననే గాలికి పోయినది.

ఆ మార్పు మన గడపలకు ఎట్లు వచ్చినదో గద్వాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అంతవరకు రాయచూరు జిల్లాలో నుండిన గద్వాల, ఆలంపురము తాలూకాలు మహబూబునగరములో చేరినవి. రాయచూరు మైసూరు రాష్ట్రమునకు పోయినది. తుంగభద్రమీది రాజోలిబండ ఆనకట్ట ఆవలి రాష్ట్రమున చిక్కినది. దాని కాలువక్రింద తడువవలసిన 87,500 ఎకరములు ఈవలి రాష్ట్రమున మిగిలినవి. తలుపు ఒకరి యింట, తాళపుచెవి మరియొకరి యింట! కాలువ చివరి భూములకు నీరందలేదను మొర తరతరములుగా వినుచు వచ్చితిమి. సంతకము చేసిన పెద్దమనుషులలో ఒక్కరికైన ఆ రాత్రి ఈ కాలువ జ్ఞాపకము వచ్చి యుండునా యని మాకు అనుమానము.

బూర్గులవారు ఈ విషయమున ద్రోహము చేసిరని మేము అనము. తమ పదవి పోవునని తెలిసియే ఒప్పుకొన్నవారిని స్వార్థపరులనుట న్యాయము కాదు. కాని శాసనసభలో మూడింట రెండువంతులు తేల్చవలసిన ప్రశ్న ఢిల్లీలో ఒక గదిలో తేలినది. తన ప్రజల మనస్సు వేరని చెప్పిన నాయకుడు ఆ గదిలో సంతకము చేసెను. ఆ పిమ్మట 1969 వచ్చినది. తుదకు 2014 జూన్ 2 వచ్చినది.

1956 నవంబరు 22న వారు కేరళమునకు గవర్నరైరి. ఇచ్చట గవర్నరు పదవిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. గవర్నరు అను పేరు అమెరికాలోను కలదు. అచ్చట ప్రజలు అతనిని ఓట్లతో ఎన్నుకొందురు. అతడే రాష్ట్రపు కార్యనిర్వాహకుడు. మన రాజ్యాంగసభయు 1947లో గవర్నరును వయోజనుల ఓటుతో ఎన్నుకొనవలెననియే తీర్మానించినది. ముఖ్యమంత్రియు ఎన్నికైనవాడే, గవర్నరును ఎన్నికైనవాడే యైనచో ఒక ఒరలో రెండు కత్తులగునను భయము పిమ్మట కలిగినది. 1949 మే మాసమున తీర్మానము మారినది. రాష్ట్రపతి నియమించును, రాష్ట్రపతి ఇష్టమున్నంతవరకు గవర్నరుండును. కత్తుల తగవు తప్పినది; కాని పదవికి వెన్నెముక యెచ్చటనుండి రావలెనను ప్రశ్న మిగిలిపోయినది.

అమెరికా చరిత్రలో ఒక గవర్నరు వృత్తాంతము ఈ సందర్భమున మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. శామ్ హూస్టన్ అను నతడు 1827లో టెన్నెసీ రాష్ట్రమునకు గవర్నరుగా ఎన్నికై, రెండేండ్లకు రాజీనామా ఇచ్చి, చెరోకీ జాతివారి నడుమ పోయి నివసించెను. అచ్చటనుండి టెక్సాసు చేరి, 1836 ఏప్రిల్ 21న శాన్ హసింటో యుద్ధమున మెక్సికో సేనను ఓడించి, స్వతంత్ర టెక్సాసునకు అధ్యక్షుడై, అది అమెరికాలో కలిసిన పిమ్మట సెనేటునందు పదమూడేండ్లు కూర్చుండి, 1859లో టెక్సాసునకు గవర్నరుగా ఎన్నికాయెను. బానిసత్వమును నిలుపుటకై దక్షిణరాష్ట్రములు దేశమును చీల్చబూనిన కాలమది. హూస్టనుకును బానిసలుండిరి, అతడు మహాత్ముడని మేము చెప్పబోము. కాని దేశమును చీల్చుటకు అతడు ఒప్పుకొనలేదు. 1861 మార్చి 16న క్రొత్త కూటమికి విధేయత ప్రమాణము చేయుమని చీలికవాదుల సమావేశము పిలిచినది. ముసలివాడు ప్రమాణము చేయలేదు. పదవి తీసివేసిరి. సైన్యమును పంపెదనని లింకను చెప్పినను వలదని, తన మనుష్యుల రక్తము తన పదవికై కారరాదని, ఇంటికి పోయెను. రెండేండ్లకు మరణించెను.

హూస్టను ఎన్నికైనవాడు గదా, నియమింపబడిన మన గవర్నరునకు అతనితో పోలిక యేమని అడుగవచ్చును. పోలిక ఒక్కచోటనే. ఇరువురును ప్రమాణము చేసినవారు. మన రాజ్యాంగపు 159వ అధికరణము గవర్నరుచేత చేయించు ప్రమాణమున, రాజ్యాంగమును శాసనమును కాపాడుదుననియు, ఆ రాష్ట్ర ప్రజల సేవకును క్షేమమునకును అంకితుడనగుదుననియు మాటలున్నవి. కేంద్రమంత్రివర్గపు పేరు అందు లేదు. పాలించు పక్షము పేరు అసలే లేదు.

1957 ఎన్నికలలో కేరళ శాసనసభయందు 126 స్థానములకు కమ్యూనిస్టులకు 60 వచ్చినవి. అయిదుగురు స్వతంత్రులు తోడైరి. ఏప్రిల్ 5న గవర్నరు శ్రీ ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాదుగారిచేత ప్రమాణము చేయించిరి. హైదరాబాదులో కమ్యూనిస్టులను ఎదుటిబల్లలమీద కూర్చుండబెట్టుకొని అయిదేండ్లు వాదించిన కాంగ్రెసు పెద్ద, కేరళములో కమ్యూనిస్టు ముఖ్యమంత్రికి అధికారపత్రము అందించెను. దేశమంతయు దీనిని చూచి ఆశ్చర్యపడినది. మన ప్రజారాజ్యమునకు అది గౌరవమే తెచ్చినది. ఆ దినమున బూర్గులవారు చేసిన పనిలో తప్పు వెదకువారు లేరు.

క్రొత్త మంత్రివర్గము విద్యాబిల్లు తెచ్చినది. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యములు, క్రైస్తవ మఠములు, నాయరుసంఘమువారు భగ్గుమనిరి. గవర్నరు బిల్లును రాష్ట్రపతి పరిశీలనకై నిలిపిరి; రాష్ట్రపతి సుప్రీముకోర్టు అభిప్రాయమును కోరిరి; 1958 మే మాసమున కోర్టు తన అభిప్రాయమును చెప్పినది; సవరణలతో 1959 ఫిబ్రవరిలో అనుమతి వచ్చినది. ఇంతవరకు అంతయు సక్రమము. తగవును వీధినుండి న్యాయస్థానమునకు తెచ్చుట వివేకమే. పిమ్మట భూసంస్కారపు బిల్లు. దానితో ఎదిరివారందరు ఒక్కటైరి. 1959 జూన్ 12న శ్రీ మన్నత్తు పద్మనాభన్‌గారి నాయకత్వమున విమోచనసమరము ప్రారంభమైనది. మరునాడే అంగమాలిలో పోలీసుకాల్పులకు ఏడుగురు కూలిరి. బడులు మూతపడినవి, కచేరీల ముందు బైఠాయింపులు, వేలకొలది అరెస్టులు. నెహ్రూగారు స్వయముగా వచ్చి చూచిపోయిరి. మధ్యంతర ఎన్నికలకు పొమ్మని వారు సూచింపగా మంత్రివర్గము సమ్మతింపలేదు. ఆ పట్టుదల మంత్రివర్గము చేసిన పొరపాటనియే మా యభిప్రాయము. జూలై 31న, గవర్నరు నివేదికను ఆధారముగా గొని, రాష్ట్రపతి 356వ అధికరణము ప్రయోగించి మంత్రివర్గమును తొలగించి శాసనసభను రద్దుచేసిరి. ప్రజల మనస్సు మంత్రివర్గమునుండి మరలిపోయినదనుట ఆ నివేదికయందలి సారాంశము.

మేము అడుగునది ఒక్కటే. ప్రజల మనస్సు మరలినదని గవర్నరు దేనితో కొలిచిరి? ఊరేగింపుల పొడవుతోనా? శాసనసభలో ఆ మంత్రివర్గము ఓడిపోలేదు. అయిదేండ్ల క్రిందటనే, 1954 నవంబరులో, ఆంధ్రరాష్ట్రమున ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. అటుపిమ్మటనే రాష్ట్రపతి పాలన వచ్చినది. ఒక్క ఓటే కావచ్చును, కాని అది సభలో లెక్కించిన ఓటు. దానిని ఎవ్వరును కాదనలేకపోయిరి. ఆ ఒక్క ఓటునకున్న బలము తిరువనంతపురపు వీధులలోని లక్షలమందికి రాజ్యాంగదృష్టిలో లేదు. 1956లో హైదరాబాదులో సభకు వదలవలసిన ప్రశ్న గదిలో తేలినట్లే, 1959లో సభకు వదలవలసిన ప్రశ్న నివేదికలో తేలినది.

బూర్గులవారి పక్షమున చెప్పవలసిన మాటలను దాచుట మా పద్ధతి కాదు. రాష్ట్రమున శాంతి చెడినది. దినదినము చావులు వినబడుచుండగా గవర్నరు కన్నులు మూసికొని కూర్చుండలేడు. తానున్నది రాష్ట్రపతి నియమించిన పదవి. 1960 ఫిబ్రవరి ఎన్నికలలో కమ్యూనిస్టులు తమ మిత్రులతో కలిసి 29 స్థానములకు దిగజారిరి. కనుక గవర్నరు అంచనా నిజమే యైనదని వాదించువారున్నారు. ఆ వాదము చెప్పువారు, ఆ యెన్నికలోనే కమ్యూనిస్టులకు వచ్చిన ఓట్ల పాలు వెనుకటికంటె పెరిగి నూటికి 39 దాటినదను సంగతిని సాధారణముగా చెప్పరు. ఎదుటివారందరు కూడి నిలుచుటచేత స్థానములు తగ్గినవి. మనస్సులు మరలినవో లేదో ఆ లెక్కయే చెప్పుచున్నది.

పోనీ, ఆయన వ్రాయకపోయిన ఏమగును? ఇచ్చటనే హూస్టను జ్ఞాపకము వచ్చుచున్నాడు. 356వ అధికరణమున గవర్నరు నివేదికవలన గాని లేక ఇతరవిధముగా గాని యని వ్రాసియున్నది. కేంద్రమునకు గవర్నరు నివేదిక లేకున్నను దారి కలదు. ‘సభ యున్నది, అవిశ్వాసతీర్మానమున్నది, నేను ఇంతకుమించి చెప్పజాలను’ అని వారు రెండు పంక్తులు వ్రాసి ఊరకుండినచో, కేంద్రము తన పేరున తాను చేయవలసివచ్చెడిది. గవర్నరునకు పోవునది ఉద్యోగమొక్కటే. హూస్టను పోగొట్టుకొన్నదియు అదియే. నిజాముక్రింద అయిదేండ్లు మంత్రివర్గము నడపి, పైయాసనపు మౌనమువలన లాభపడిన బూర్గులవారు ఈ మౌనమును ఎందులకు పాటింపలేకపోయిరో మాకు బోధపడదు. వారు పిరికివారు కారు. పక్షము మాటను ధర్మముగా భావించిన తరమువారు. 1956లో తమ పదవిని వదులుకొన్న గుణమును, 1959లో ఇతరుల పదవిని ఊడ్చిన గుణమును ఒక్కటే యని మాకు తోచుచున్నది. మొదటిది త్యాగమని పొగడిన మనము రెండవదానిని ఏమని పిలువవలెను?

కేరళమునుండి వారు 1960 జూలై 1న ఉత్తరప్రదేశమునకు పోయి 1962 ఏప్రిల్ వరకు నుండిరి. అచ్చట శ్రీ సంపూర్ణానందుగారు దిగి శ్రీ చంద్రభానుగుప్తగారు ముఖ్యమంత్రి యగుట పక్షములోని కథ. గవర్నరునకు ప్రమాణము చేయించుట తప్ప పనిలేకపోయినది. బూర్గులవారు పారసీక వాఙ్మయచరిత్రను తెలుగువారికి వ్రాసియిచ్చిరి. ఆ గ్రంథము వారి నివేదికకంటె ఎక్కువకాలము నిలుచునను ఆశ మాకు గలదు. 1967 సెప్టెంబరులో వారు కీర్తిశేషులైరి.

1959లో తెరచిన త్రోవ మూయబడలేదు. 1984 ఆగస్టు 16న హైదరాబాదు రాజభవనమున గవర్నరు రామ్‌లాల్ శ్రీ నందమూరి తారకరామారావుగారి మంత్రివర్గమును తొలగించినప్పుడు, సభలో బలము చూపుటకు వ్యవధి ఇమ్మని రామారావుగారు వేడిరి. గవర్నరు వినలేదు. తెలుగుదేశమంతయు అట్టుడికినట్లుడికినది, నెల తిరుగులోగా, సెప్టెంబరు 16న, తిరిగి ప్రమాణము చేయించవలసివచ్చెను. ఆనాడు వీధిలో కేకలు వేసినవారిలో ఎంతమందికి మొదటి పాఠము మన పాలమూరు పెద్దమనిషి వ్రాసినదని తెలియును? 1994 మార్చి 11న బొమ్మయి దావాలో సుప్రీముకోర్టు, మంత్రివర్గపు బలమును తేల్చవలసిన తావు శాసనసభయే గాని గవర్నరు అంతరంగము కాదని తీర్పు చెప్పినది. అది ముప్పదియైదేండ్లు ఆలస్యముగా వచ్చిన జవాబు.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు 2016 అక్టోబరు 11న జిల్లాకేంద్రములైనవి. ఈ మూడు పట్టణముల గ్రంథాలయాధికారులకు మాదొక మనవి. బూర్గులవారి పటము గోడకు తగిలించుడు. వారు అందుకు తగినవారే. దానిక్రింది బల్లమీద 1949 మే మాసపు రాజ్యాంగసభ చర్చలును, 1959 ఆగస్టులో కేరళమును గూర్చి లోకసభలో జరిగిన చర్చలును తెప్పించి యుంచుడు. అవి అచ్చయి యున్నవి. ఇంగ్లీషు రానివారికై ముఖ్యభాగములను ఎవరైన తెలుగున వ్రాసి చదివినచో ఒక సాయంకాలము పట్టును. మా పత్రిక ఆ అనువాదమునకు చోటు ఇచ్చుటకు సిద్ధముగా నున్నది.